మిసెస్ యోబు

"గీ రొట్టె ఒక్క దిక్కు మందం, ఒక్క దిక్కు పల్చన. పెండ్లయి తొమ్మిదేండ్లాయె, నీ పెండ్లానికి ఇంకా రొట్టె చేసుడు రాకపాయె" అంది కొండవ్వ, జొన్నరొట్టెను అటూ ఇటూ తిప్పి కొడుక్కి చూపిస్తూ.

యోబు తలెత్తలేదు. పొయ్యి ముందు కూర్చున్న దీనమ్మ నవ్వాపుకుంది. రొట్టె రాక కాదు, ఆర్నెల్లుగా ఆమె ఎడమ చేత్తో తడుతోంది. పియానో మీద కుడిచెయ్యి చెప్పిన మాట వింటుంది గానీ, ఎడమచేతి చివరి రెండు వేళ్లు మొండికేస్తాయి. సిద్దిపేట మొత్తానికి పియానో మిషన్ బంగళాలో ఒక్కటే, దాని ముందు కూర్చునే తీరిక రోజుకు గంటే. పిండి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అత్త సణుగుడు అత్తదే, సాధన తనదే.

పెళ్లైన ఏడాదికి ఆ బంగళా ఊడ్చే పనిలో కుదిరింది. దుమ్ము తుడుస్తూ తుడుస్తూ, ఆదివారం మిషన్ గుడిలో పాడే పాటను పియానో మెట్ల మీద వేలితో వెతికి పట్టుకుంది. మిషన్ నడిపే హన్నా దొరసాని వెనక నిలబడి వింటోందని తెలియగానే చటుక్కున మళ్లీ తుడవసాగింది. దొరసాని ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని, కుర్చీ దగ్గరికి జరిపింది. ఎనిమిదేళ్లలో దీనమ్మ కాగితం చూడకుండా గంటసేపు వాయించగలిగే దొరల సంగీతం నేర్చింది. వానాకాలం మెట్లు ఉబ్బి బిగుసుకుపోతే, కింద కుంపటి పెట్టి ఆరబెట్టేదీ ఆమే. ఇంట్లో మాత్రం "అదీ ఒక పనేనా, కూసొని వేళ్లాడిచ్చుడు" అనేది కొండవ్వ. బళ్లో పంతులైన యోబు, నలుగురిలో "మా ఇంట్ల నేర్పిచ్చుకున్నం" అని మీసం దువ్వేవాడు. ఆ "మా ఇంట్ల" అన్నవాళ్లెవరో దీనమ్మకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఆ ఏడాది, పందొమ్మిది వందల నలభై ఆరులో, సికింద్రాబాదు నుంచి కచేరీకి పిలుపు వచ్చింది. పెద్ద హాలు, టికెట్లు, గంటసేపు ఆమె ఒక్కతే. వస్తామని జాబు యోబే రాశాడు. పదిరోజులకు కచేరీ అచ్చు కాగితం వచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో మిసెస్ యోబు.

"నా పేరేది?"

"గదే నీ పేరు. పెండ్లాం పేరు మొగడు రాస్తే మంది నవ్వరా?"

అతను ఆమెను ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఇగో" అంటాడు. ఆమె కూడా "ఇగో" అనే అంటుంది. ఆ ఊళ్లో ఏ ఆలుమగలైనా అంతే, నోటివెంట పేరు వస్తే ఆయుష్షు తగ్గినట్టు చూస్తారు. ఇన్నాళ్లూ ఆమెకూ అది తప్పనిపించలేదు. కానీ కాగితం చూసిన ఆ పూట తప్పనిపించింది. అరిగింది నా వేళ్లు, పేరు ఆయనదా? తన పేరుతో ఇంకొక్కసారి జాబు రాయమంది. "అచ్చయినంక మారుస్తరా?" అన్నాడు. ఇక అడగలేదు. నాట్ల కాలంలో పట్నమేందని కొండవ్వ అడ్డుపడితే, "బురదల పెడితే చేతులు పగుల్తయత్తా. గీ వారం నాటు వెయ్య" అంది. కాదనడం ఇంత సులువా అని దీనమ్మకే ఆశ్చర్యమేసింది.

హాల్లో రెండు వందలమంది ఉన్నారు. ముందు వరసలో యోబు పక్కన కూర్చుని, దీపాల కింద మెరిసే నల్లటి పియానోను చూస్తుంటే ఆమెకు ఒళ్లంతా సంబరంగా ఉంది. దాని దగ్గరికి పరిగెత్తాలనుంది.

"మిసెస్ యోబు" అని పిలిచాడు వేదిక మీది పెద్దమనిషి. చప్పట్లు కొట్టారు. దీనమ్మ కదల్లేదు. మళ్లీ పిలిచాడు.

"ఇగో, లే. నిన్నే" అన్నాడు యోబు మోచేత్తో పొడుస్తూ.

"నన్ను పిలువలే. మీ పేరు పిలిచిన్రు. మీరే పోయి వాయించున్రి" అంది దీనమ్మ, మెల్లగా, నవ్వుతూనే.

యోబు వేదిక వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఈ మనిషి కదలదని అర్థమైంది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "దీనమ్మ" అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. పెద్దమనిషి చెవి ఒగ్గాడు.

ఈసారి యోబు బళ్లో హాజరు పిలిచినట్టు, హాలు చివరిదాకా వినపడేలా పిలిచాడు.

"దీనమ్మ."

అప్పుడు లేచింది.