అమావాస్య నాటి ఖాళీ గడి

నేను ఒక ఖాళీ గడిని. నవ్వకండి. ఏమీ లేనిదానికి ఆత్మకథేమిటని మీకు అనిపించవచ్చు. ఖాళీ అంటే ఏమీ లేకపోవడమేనని ఒకాయన అనుకోబట్టే ఒక ఊరి మగ్గాలు మూతపడబోయాయి.

నేను పుట్టింది చేనేత లెక్కల డేటాబేసులో. నా వరుస వీరాంజనేయులు అనే నేతగాడిది. నా పైన ఉన్న శీర్షిక ‘ఈరోజు నేసిన గుడ్డ’. పక్క గడుల్లో ఆయన వయసు, మగ్గం రకం, నెలకు వాడే నూలు నిండుగా ఉన్నాయి. వివరాలు రాసుకునే దమయంతి ఆ ఊరికి కావాలనే అమావాస్య నాడు వెళ్లింది. మిగతా రోజుల్లో నేతగాళ్లు మగ్గం గుంటలోంచి లేవరు. ఆ ఒక్కరోజు మగ్గం ముట్టరు కాబట్టి అరుగు మీద కూర్చుని తీరిగ్గా మాట్లాడతారు. తెలివైన పనే. కానీ ఈరోజు ఎంత నేశావని అమావాస్య నాడు అడిగితే ఎవరేం చెబుతారు? ఆమె ట్యాబులో నన్ను అలాగే వదిలేసి కిందికి జరిగింది. అదే నా పుట్టుక. ఊళ్లో ప్రతి మగ్గానికీ నాకొక తోబుట్టువు పుట్టింది.

డేటాబేసులో మాకు గౌరవముంది. అక్కడ ఖాళీ అంటే ‘తెలియదు’ అని, సున్నా అంటే ‘లేదు’ అని అర్థం. మమ్మల్ని సగటులు కట్టే గణాంక సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేసే పని విజయవాడలో ఒక ఆఫీసులోని సుదర్శనరావుగారికి పడింది. ఆయనకు ఖాళీ అంటే పడదు. విస్తట్లో జాగా కనిపిస్తే అడక్కుండా వడ్డించే రకం. దిగుమతి ఆదేశాల్లో ‘ఖాళీ ఉన్నచోట సున్నా’ అని ఒక వరుస చేర్చారు. దారిలోనే నన్ను సున్నా చేసేశారు. నాకు ఒళ్లు మండింది, కానీ గడికి నోరెక్కడిది?

ఊరి సగటు సున్నా వచ్చింది. ‘ఇక్కడ ఆడే మగ్గం లేదు’ అని నివేదిక తయారైంది. చౌక నూలు అందే జాబితాలోంచి ఊరి పేరు కొట్టేయడానికి సంతకమే తరువాయి.

ఆ నివేదిక సరిచూస్తున్న ఉద్యోగిని చంద్రకళ ఒకచోట ఆగిపోయింది.

“సార్, వీళ్లకి నెలనెలా నూలు అయిపోతోంది, గుడ్డ మాత్రం లేదు. నూలు తింటున్నారంటారా?”

“సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పదమ్మా” అన్నారు సుదర్శనరావుగారు.

ఆమె అసలు డేటాబేసు తెరిచింది. సున్నా అయింది దిగుమతైన నా నకలే, అక్కడ నేను పుట్టినప్పటిలాగే ఉన్నాను. వెంటనే దమయంతికి ఫోన్ చేసింది.

“నేను సున్నా ఎందుకేస్తానండీ? అమావాస్య నాడు మగ్గం ఎవరు ముట్టుకుంటారు? ఖాళీగా వదిలేశా.”

“మరి అమావాస్య నాడే ఎందుకెళ్లావమ్మా?”

“మిగతా రోజుల్లో ఎవరు పలుకుతారండీ?”

చంద్రకళ దిగుమతి ఆదేశాల్లోంచి ఆ ఒక్క వరుస తీసేసి మమ్మల్ని మళ్లీ దిగుమతి చేసింది. ఈసారి నేను చుక్కనై దిగాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీకి గుర్తు అదే. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఊరికి సగటే రాలేదు, అందరం చుక్కలమే కదా. దమయంతి మామూలు రోజున మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

“నీకేసి చూస్తే పోగు తెగుద్ది తల్లీ, అమావాస్యకి రా” అన్నాడు వీరాంజనేయులు తల ఎత్తకుండా.

ఆమె కదల్లేదు. ఆయన మగ్గం మీంచి లేచేదాకా కూర్చుని గుడ్డ తానే కొలుచుకుంది. మిగతా మగ్గాల దగ్గరా అంతే. ఊరి పేరు జాబితాలో నిలిచింది.

ఆ కొలతలు కొత్త వరుసల్లో చేరాయి. నా చోట నేనే ఉన్నాను. ఆఫీసుకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూసి ఇక్కడేదో తప్పిపోయిందంటారు. ఏమీ తప్పిపోలేదు. నెలంతా గుంటలో కాళ్లాడించిన మనిషి ఆ రోజు అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే నేను.