తాగని నీళ్లు

కృపారాణి నాలుగిళ్లలో ఏడు బాత్రూములు కడుగుతుంది. వాటిలో ఒక్కదాంట్లోనూ కూర్చునే యోగ్యత ఆమెకు లేదు. ఆ నాలుగిళ్లూ ఉన్న తిరుచానూరు రోడ్డు అపార్టుమెంటుకు పాలరాతి మెట్లూ గేటు దగ్గర తులసికోటా, అబ్బో, చూడాలి! పైన పటారం, లోన లొటారం. పనివాళ్ల కోసమని కింద కట్టిన బాత్రూములో అసోసియేషన్‌వాళ్లు పెయింటు డబ్బాలు కుక్కి తాళం వేసుకున్నారు.

అందుకని పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె చుక్క నీళ్లు ముట్టేది కాదు. తాగితే కదా పోవాల్సి వచ్చేది! తొమ్మిదేళ్లు అట్లాగే నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఒంటేలుకు పోతే మంట, నడుములో పోట్లు, సాయంత్రానికి చలిజ్వరం. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది: "నీళ్లు బాగా తాగు. వచ్చినప్పుడు ఆపుకోవద్దు. ఇంకా ఇట్లాగే ఆపుకుంటే కిడ్నీ పోతుంది."

ఆ మాటే కృపారాణి మూడో అంతస్తు ఇంటావిడ వనజాక్షితో చెప్పింది.

"అయ్యో పాపం! నువ్వు మా ఇంటి మనిషివి గదే," అంటూ ఆవిడ అప్పటికప్పుడు బార్లీ కాచింది. ఇంటిమనిషికి విడిగా పెట్టిన లోటా ఒకటుంది కదా, దాని నిండా పోసిచ్చి, దగ్గర నిలబడి తాగించింది.

అరగంటకు కృపారాణికి పొత్తికడుపు బిగుసుకుంది.

"అమ్మా, ఒక్కతూరి బాత్రూముకి పోయొస్తానమ్మా."

"యాడికి? మా బాత్రూముకా?" వనజాక్షి ముఖం మాడిపోయింది. "ఛీ, అవేం మాటలే! పూజలు చేసుకునే ఇల్లు. మీ ఇంటికి పోయినాక పో."

"మా ఇల్లు ఈడుండాదా? ఆటోలో ముప్పావుగంట గదమ్మా."

"అయితే తొందరగా కడిగేసి పో."

కడగడానికైతే మాత్రం తలుపు బార్లా తెరిచే ఉంది! కృపారాణి బ్రష్షు పట్టుకుని లోపలికి పోగానే వనజాక్షి వచ్చి గడపలో నిలబడింది. ఎందుకో మొదట కృపారాణికి అర్థం కాలేదు. ఎక్కడ తలుపేసుకుని కూర్చుంటుందోనని కాపలా! ఎంత నీచం! ఆ ఇంటి నలుగురి మురికీ తోముతూ, కాళ్లు బిగబట్టుకుని, కృపారాణి గడప వైపు చూసింది. అక్కడి వాసనకు ఆమె ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఇప్పుడు మాత్రం తోమడం ఆపేసింది.

లేచి, ఆ తడి బ్రష్షును వనజాక్షి చేతిలో పెట్టింది.

"తొమ్మిదేండ్లు మీ అందరిదీ కడిగినాను. ఏ పొద్దూ రోత పుట్టలేదు. ఈ పొద్దు పుట్టిందమ్మా. దీన్ని సూసి కాదు, నిన్ను సూసి."

వనజాక్షి అదిరిపడి గడప దిగగానే కృపారాణి తలుపేసి గొళ్లెం పెట్టుకుంది.

"ఛీ ఛీ! బ్రష్షు నా చేతికిచ్చింది! ఎవరన్నా నీళ్లు పోయండే!" బయట వనజాక్షి ఒకటే కేకలు. పోయడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. రేపటి నుంచి రావద్దంది, ఇప్పుడే బయటికి రమ్మంది, తలుపు బాదింది.

లోపల కృపారాణి తీరిగ్గా కూర్చుంది.