పొగగొట్టం కూడా పడాలి

మావగారి పంచె, మొగుడి చొక్కా, కూతురి గౌను అయ్యేసరికి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు చల్లారిపోయాయి. అత్తగారి చీర ముడతలతోనే మిగిలింది. అమ్మణ్ణి మళ్ళీ నిప్పులు వేయబోతుంటే, అద్దం ముందు మీసం దువ్వుకుంటున్న మొగుడు ఆదిబాబు నవ్వాడు.

“అమ్మ ఎప్పుడైనా ఫోటో దిగిందేటి? కందకి లేని దురద కత్తిపీటకెందుకే?”

నిజమే. కార్ఖానా పక్క బర్మామైన్స్ బస్తీలోని ఆ రెండు గదుల ఇంట్లో గోడ నిండా ఫోటోలే. ఆదిబాబు పెళ్ళి, పాప అన్నప్రాసన, ఆఖరికి కొత్త సైకిలు కొన్న రోజు కూడా. ఒక్కదాంట్లోనూ అత్తగారు సన్యాసమ్మ మాత్రం లేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ భయమట. పదేళ్ళుగా ఇల్లంతా ఈ మాట చెప్పుకుని నవ్వుతోంది. దాచడమెందుకు, అమ్మణ్ణీ నవ్వింది. కానీ మావగారు పోలరాజు ముప్పై నాలుగేళ్ళు కార్ఖానాలో చేసి నిన్ననే రిటైరయ్యాడు. సన్మానంలో వేసిన దండ వాడిపోకముందే ఇంటిల్లిపాదీ ఫోటో దిగాలని గోల్‌మురి నుంచి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించారు. ఆ ముప్పై నాలుగేళ్ళూ వేళకి అన్నం క్యారేజీ కట్టిన మనిషి లేకుండా ఇంటిల్లిపాదీ ఏమిటి? ఇవాళ ఆవిడ లేకపోయినా ఎవరికీ లోటనిపించకపోతే, రేపు తను లేకపోయినా అంతే కదా!

సన్యాసమ్మ వంటింట్లో పప్పు రుబ్బుతోంది.

“నాను రాను. ఒగ్గీ, అమ్మీ.”

“ఫోటో దిగినోళ్ళం మేమంతా బతికే ఉన్నాం కదత్తా!”

సన్యాసమ్మ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక అట్టముక్క తీసి కోడలి చేతిలో పెట్టింది. పాత గేటు పాసు. అందులో పాతికేళ్ళైనా నిండని పడుచు. మెడలో పలక. పలక మీద సుద్దతో రాసిన అంకె, 417.

“మీ మాఁవ కాలిరిగి ఏడాదిన్నర మంచం మీదున్నాడు. ఆదిగాడు పాలుతాగే గుంటడు. కంట్రాక్టరు కాడ రేజాగా, ఆడకూలిగా ఎల్లాను. దొంగకి తగిలించినట్టు మెడకి పలక కట్టి తీసారు. పేరైనా అడగలేదు. ‘చార్ సౌ సత్రా’ అనే పిలిచీవోరు. మీ మాఁవ లేచి తిరిగినాక, ‘నా పెళ్ళాం తట్ట మోసిందని ఎవులికీ తెలకూడదు’ అని ఒట్టేయించుకున్నాడు. ఫోటో అంటే నాకు ఆ పలకే గురుతొత్తది.”

“ఏటి మోసీదానివత్తా?”

“ఇటికలు.” కిటికీలోంచి చెయ్యి చూపించింది.

అక్కడ కార్ఖానా పొగగొట్టం. ఆరేసిన బట్టలమీద మసి పడ్డప్పుడల్లా అమ్మణ్ణి తిట్టుకునే గొట్టం. ఇవాళ కింది నుంచి పైదాకా చూసేసరికి మెడ నొప్పి పుట్టింది. అంత ఎత్తుకు, వెదురు నిచ్చెనల మీద, నెత్తిన ఇటికలతో, ఇంట్లో చంటిపిల్లాణ్ణి వదిలి! నోట్లో నాలుక లేదని ఇన్నాళ్ళూ తను జాలిపడింది ఈ మనిషి మీదనా?

అమ్మణ్ణి ఇక బతిమాలలేదు. బొగ్గులు రాజేసి చీర ఇస్త్రీ చేసి తెచ్చింది.

“ఈసారి పలకుండదత్తా. కుర్చీ ఉంటది.”

పెరట్లో రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో దండతో పోలరాజు, రెండోదాంట్లో ఆదిబాబు. ఫోటోగ్రాఫర్ ఆడవాళ్ళను వెనక్కి పొమ్మన్నాడు.

“లెగు,” అంది అమ్మణ్ణి మొగుడితో. పదేళ్ళలో మొదటిసారి. “ఆ కుర్చీ అత్తకి.”

“కుర్చీలో కూకోడానికి అమ్మేటి ఉద్యోగం చేసిందే?” అంటూనే, బయటివాడి ముందు రభస ఎందుకని లేచాడు.

పోలరాజు నేలచూపులు చూశాడు. అమ్మణ్ణికి ఇటికల మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఒట్టు తనది కాదు, తెంచే హక్కూ తనది కాదు. సన్యాసమ్మ వచ్చి కూర్చుంది. చీర సర్దుకుంది. ఒకసారి పక్కనున్న మొగుడివైపు చూసి, ఇంట్లో ఎవరూ తన నోట ఎన్నడూ వినని హిందీలో ఫోటోగ్రాఫర్‌తో అంది.

“వో చిమ్నీ భీ ఆనా చాహియే, బాబూ.”

“ఫోటోలో పొగగొట్టమెందుకే అమ్మా?” ఆదిబాబు విస్తుపోయాడు.

“దానికి ఇటికలు మోసింది నానే గనక.”

పోలరాజు కుంటికాలు ఈడ్చుకుంటూ లేచాడు. తన కుర్చీని తనే ఎత్తి, వెనక పొగగొట్టం పడేలా తిప్పి వేసుకున్నాడు.

వారం తర్వాత ఫోటో వచ్చింది. అందరూ కెమెరావైపే చూస్తున్నారు, అమ్మణ్ణి తప్ప. ఆమె కళ్ళు అత్తగారి మీదే ఉన్నాయి.

“పాడుచేసేవు కదే. మళ్ళీ తీయిద్దారి,” అన్నాడు ఆదిబాబు.

“అక్కర్లేదు,” అంది అమ్మణ్ణి, మేకు కొట్టడానికి సుత్తి అందుకుంటూ. “నాను సరిగ్గానే చూశాను.”