మంగళం లేని రికార్డు

నేను ఒక వినైల్ రికార్డును. నల్లగా, పళ్లెమంత ఉంటాను. నా నడుమ అంటించిన కాగితం మీద పేరు లేదు, బొమ్మ లేదు, ఉత్త తెల్లకాగితం. పేరైనా పెట్టకుండా లోకంలోకి పంపితే ఎవరికి మాత్రం భయం వెయ్యదు?

ప్లాస్టిక్ గింజలు కరిగించి, ఆ వేడి ముద్దను రెండు లోహపు పలకల మధ్య అదిమితే పుట్టాను. అరనిమిషంలో పురుడైపోయింది. నాతోపాటు ఇంకో నలుగురు. మమ్మల్ని పెట్టెలో సర్దుతూ ఫ్యాక్టరీ మేస్త్రీ పక్కవాడితో అన్నాడు: "ఇవి పరీక్ష కాపీలు. బ్యాండువాళ్లు విని సరే అంటే వెయ్యి కొడతాం. కాదంటే వీటిని ముక్కలు చేసి మళ్లీ గింజలు చేసెయ్యడమే." అప్పటినుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే బతుకుతున్నాను. చేతులు లేవనుకోండి, అది వేరే సంగతి.

ఆ బ్యాండు పేరు ఉప్పుగాలి. విశాఖపట్నం రాక్ బ్యాండు. ఈ కొత్త ఆల్బమ్‌ను వాళ్లు జముకుల కథ చెప్పే అసిరితల్లితో కలిసి చేశారు. జముకు అంటే ఒక పక్క తోలు మూసి, నరం బిగించి వేళ్లతో మీటే వాయిద్యం. శ్రీకాకుళం పల్లెల్లో నలభై ఏళ్లుగా దానితో అమ్మవారి కథ చెబుతున్న మనిషి ఆమె. నా రెండో వైపంతా ఆ కథే. అమ్మవారు అడవిలో ఒంటరిగా దారి తప్పుతుంది.

ఒక ఉదయం బ్యాండు నాయకుడు జోయెల్ తన గదిలో నన్ను తీసి తిరగేసి, రెండో వైపు సూది పెట్టాడు. అసిరితల్లి కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది. తన గొంతు తనకే వినపడుతుంటే సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. మెల్లగా తల ఊపడం మొదలుపెట్టింది. గండం గడిచిందనుకున్నాను. అంతలో కథ టక్కున ఆగిపోయింది.

"మంగళం ఏది బాబూ?" అంది.

జోయెల్ తల గోక్కున్నాడు. "ఒక వైపు ఇరవై రెండు నిమిషాలే పడతాయి పెద్దమ్మా. అందుకే మంగళం తీసేశాం. అలా ఆగిపోతే వినేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది కూడా."

"ఒళ్లు జలదరించడానికి తల్లిని అడివిలో ఒగ్గేసినారేటి? మంగళం పాడితేనే అమ్మ గుడికి సేరతాది. నేకపోతే అక్కడే తిరుగుతాది. మా అయ్య జొరంతో ఒణికిపోతా కూడా మంగళం పాడే మంచమెక్కినాడు."

గిటారు వాయింపుకు నాలుగు నిమిషాలు దొరికాయి గానీ మంగళానికి ఒక్క నిమిషం దొరకలేదు. మనుషుల లెక్కలు అలా ఉంటాయి. జోయెల్‌కూ ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. ముఖం మాడిపోయింది.

"తప్పైపోయింది పెద్దమ్మా. గిటారు తగ్గించి మళ్లీ చేయిస్తాను. ఇవి మాత్రం బయటికి పోకూడదు," అని పెట్టెలోని నా తోబుట్టువులను ఒక్కొక్కటే తీసి మోకాలి మీద విరిచాడు. నాలుగు సార్లు ఫట్‌మన్న చప్పుడు. నేనేమో ఇంకా తిరుగుతున్నాను, సూది చివరి గీతలో చర్ చర్ మంటోంది. అతని చెయ్యి నా మీదికి వచ్చింది. నాకు నూరేళ్లూ నిండాయనుకున్నాను.

అసిరితల్లి ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు. దీంట్లో కత మొదలైపోనాది."

జముకు ఒళ్లో పెట్టుకుని, ఆ చర్ చర్ శబ్దం మీదే మంగళం పాడింది. అమ్మవారిని అడవి దాటించి, ఊరు చేర్చి, గుడిలో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు ముగిసింది కదా, విరిచెయ్యనా?" అన్నాడు జోయెల్.

"నా గొంతు ఇరిసేస్తావేటి? నాకియ్యి."

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడ్డాను.

తరవాత మంగళంతో వెయ్యి కాపీలు వచ్చాయి. వాటికి రంగుల అట్టలు, పేర్లు. వాటి కథ అవే ముగించుకుంటాయి, ఎవరి దయా అక్కర్లేదు. నేను మాత్రం అసిరితల్లి ఇంట్లో, జోయెల్ ఇచ్చిన పాత ప్లేయర్ పక్కన ఉంటున్నాను. ప్రతి శుక్రవారం పొద్దున్నే నన్ను పెడుతుంది. నేను ఆగిన చోట తను అందుకుంటుంది. మొన్న జోయెల్ చూడ్డానికి వస్తే, దగ్గుతూనే గట్టిగా చెప్పింది: "నా తరవాత దీని మీద సూది ఎట్టకండి బాబూ. ముగించేవోళ్లు నేకుండా కత మొదలెట్టకూడదు." అతను సరేనని తల ఊపాడు.

విరిగిపోతానన్న భయం పోయింది. ఇప్పటి భయం వేరు. నా పాట అయిపోయాక, ఆమె పాడడానికి ఊపిరి కూడదీసుకునేదాకా నేను ఖాళీగా తిరుగుతాను. మొదట్లో రెండు చుట్లు తిరిగేదాన్ని. పోయిన శుక్రవారం పదకొండు తిరిగాను.