కారున్నచోట మిగిలిన పొర

ఇలా దగ్గరకి జరుగు అమ్మలూ. ఆ దిండు నా నడుం వెనక పెట్టు. ఆఁ, చాలు. మీ తాత కారుకి మీ నాన్న రంగు వేసిన కథ నీకెవరైనా చెప్పారా? మీ నాన్న చెప్పడు. మీ అమ్మ మొదలుపెడుతుంది గానీ నవ్వొచ్చి మధ్యలోనే ఆపేస్తుంది. అందుకని నేనే చెప్పాలి.

అప్పటికి మీ అమ్మకి పెళ్ళయి మూడు నెలలు. అద్దె ఇల్లు దొరికేదాకా ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. మీ నాన్న పాపం కొత్త అల్లుడు. తలుపు వేసినా చప్పుడు రాకుండా వేసేవాడు. మంచినీళ్ళు కావాలన్నా మీ అమ్మ చెవిలో చెప్పేవాడు.

ఇక మీ తాత సంగతి. ఆయనకి నేను రెండో భార్యనని నవ్వులాటకి అంటుండేదాన్ని, మొదటి భార్య ఆ కారు. నా పుట్టినరోజు ఏ నెలలోనో ఆయనకి తెలియదు గానీ, కారు ఏ రోజు ఇంటికొచ్చిందో, ఆ రోజు ఎంత ఎండ కాసిందో కూడా చెప్పగలరు. దాన్ని ఎవరినీ తాకనిచ్చేవారు కాదు. చెప్పులు దులుపుకోకపోతే నన్ను కూడా ఎక్కనిచ్చేవారు కాదు. దాని తాళంచెవి పగలు జేబులో, పడుకుంటే దిండు కింద.

ఆ కారు తెల్లది. ఎండకి కాస్త మాసింది గానీ తెలుపంటే తెలుపే. మీ తాత మాత్రం కొన్నేళ్ళుగా దాన్ని వెన్నరంగు అనడం మొదలుపెట్టారు. తెలుపండీ అంటే, నీకు రంగులు తెలియవు పొమ్మనేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చొక్కాల దగ్గరా అదే గొడవ. ఎంత ఉతికినా పచ్చగా ఉన్నాయనేవారు. చేతులు అరిగేలా ఉతికి, చివరికి పచ్చగానే ఉన్నాయిలెండి అని ఒప్పేసుకునేదాన్ని. కాపురం అన్నాక అన్నిటికీ వాదించుకుంటూ కూర్చుంటే వంటెప్పుడు చేసుకుంటాం.

ఇలా ఉండగా ఆయన రెండుసార్లు గుమ్మానికి తల కొట్టుకున్నారు, ఒకసారి కుర్చీ అనుకుని బకెట్ మీద కూర్చున్నారు. డాక్టరు చూసి కంటిలో శుక్లం ముదిరింది, పొర తీసెయ్యాలన్నాడు. ఆసుపత్రి మీ పెద్దమ్మ వాళ్ళింటికి దగ్గర. ఆయన ఒక్కరూ పది రోజులు అక్కడే ఉండేలా మాట్లాడుకున్నాం.

బయలుదేరే రోజు మీ తాత తాళంచెవి తీసి మీ నాన్న చేతిలో పెట్టారు. రోజూ ఒకసారి స్టార్ట్ చెయ్యి బాబూ, నడపక్కర్లేదు అన్నారు. నేను గోడకి ఆనుకున్నాను, పడిపోతానేమోనని. మీ నాన్న ఆ తాళంచెవిని బహుమతిలా చూసుకున్నాడు. ఆ రోజు మొదటిసారి మా ఇంట్లో కాఫీ కావాలని పైకి అడిగాడు. మామగారు నన్ను మనిషిగా లెక్కేశారని మీ అమ్మతో అన్నాడట.

మూడో రోజు పొద్దున్న మీ నాన్న బుద్ధి గడ్డి తింది. ఊరికే స్టార్ట్ చేస్తే కారుకి ఏం లాభం, నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్ళి ముందుకి తెద్దామనుకున్నాడు. వెనక్కి వెళ్ళింది. గేటు స్తంభం మాత్రం జరగలేదు. నేను చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి ఎడమవైపు వెనక తలుపుకి కంచమంత సొట్ట, చుట్టూ రంగు పెచ్చులూడిపోయి ఉంది. మీ నాన్న తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, మామయ్యగారు ఇక నాకు తాళంచెవి ఇవ్వరు" అన్నాడు.

తిడతారనలేదు, కొడతారనలేదు. ఇవ్వరు అన్నాడు. మా వీధి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్దామంటే, అతను రోజూ సాయంత్రం మీ తాతతో కబుర్లు చెప్పుకునే మనిషి. ఫోన్లో చెప్పేస్తాడు. కాబట్టి ఇంట్లోనే బాగుచేద్దామని తేల్చాం. మీ తాతకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని అప్పటికే అతనికి తెలిసింది మరి.

రోకలికి పాత తువ్వాలు చుట్టి, తలుపు లోపల అట్ట ఊడదీసి, లోపలినుంచి పొడిచి సొట్టని చాలావరకు బయటికి తెచ్చాడు. మిగిలిన గుంటలో పుట్టీ పెట్టాడు. అది ఎండాక నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దాడు. ఒక పూటంతా రుద్ది, ఒక కన్ను మూసి, తల వంచి చూసి, అద్దంలా ఉంది అత్తయ్యగారూ అన్నాడు. నేను అరచెయ్యి వేసి చూశాను. ఇక్కడ గుంట, ఇక్కడ గుట్ట, ఇదిగో ఇక్కడ ఇంకో బుల్లి గుట్ట అన్నాను. నమ్మలేదు. పల్చటి పాత గుడ్డ దానిమీద పరిచి, అతని చేతిని గుడ్డ మీంచి జరిపించాను. అప్పుడు తెలిసింది. ఇద్దరు పిల్లల వీపులు నిమిరి జ్వరం ఎంతుందో చెప్పిన చెయ్యి ఇది. కంటికి అబద్ధం చెప్పొచ్చు గానీ అరచేతికి చెప్పలేం. మూడుసార్లు పుట్టీ పెట్టించాను, మూడుసార్లు రుద్దించాను. అక్కడిదాకా పని చక్కగా జరిగింది, అది చెప్పుకోవాలి.

తర్వాత ప్రైమర్ కొట్టి, తెల్లరంగు వేశాడు. ఆరాక దూరంగా వెళ్ళి చూశాం. ఆ తలుపు ఒక్కటీ ముసలాయన నోట్లో కట్టుడు పన్నులా తళతళా మెరుస్తోంది. మిగతా కారంతా పాత పళ్ళు.

పక్క తలుపుకి కూడా వేస్తే కలిసిపోతుందన్నాడు మీ నాన్న. వేశాడు. ఇప్పుడు రెండు కట్టుడు పళ్ళు. వెనక చక్రం మీది రేకుకి వేశాడు. అప్పుడు డిక్కీ చిన్నబోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అలా అయింది. ఆరో రోజుకి ఇక మొత్తం కారే వెయ్యాలని తేలింది.

మొత్తం వెయ్యాలి అనేసరికి మీ నాన్నకి ఇంకో ఆలోచన వచ్చింది. అసలు కొంప ముంచింది అదే. మామయ్యగారు వెన్నరంగు అంటారు కదా, వెన్నరంగే వేద్దాం అన్నాడు. అది తెలుపు బాబూ అన్నాను. తెలుపే అంది మీ అమ్మ. మీ నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి, చిన్నపిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పాడు. మనం నమ్మించాల్సింది ఎవరిని? ఆయన్ని. ఆయన కళ్ళకి కనిపించే రంగేది? వెన్న. మనం తెలుపు వేస్తే పట్టేసుకోరూ? వినడానికి ఎంత సబబుగా ఉందో చూడు. నేను తలూపాను. ఆ ఊపిన తలే ఇది.

రంగుల కొట్టుకి వెళ్ళేటప్పుడు, తేడా రాకూడదని వంటింట్లోంచి గిన్నెడు వెన్న పట్టుకెళ్ళాడు. రంగు కలపమని వచ్చేవాళ్ళు కారు పెట్రోలు ట్యాంకు మూతో, ఏ ముక్కో తెస్తారట. కొట్టాయన ముందు గిన్నెని చూశాడు, తర్వాత మీ నాన్నని చూశాడు, రొట్టె కూడా తెచ్చావా అని అడిగాడు. ఎండకి వెన్న సగం కరిగింది. కరిగింది పచ్చగా, కరగనిది తెల్లగా. దేనికి కలపమంటావన్నాడు కొట్టాయన. మధ్యస్తంగా అన్నాడు మీ నాన్న.

ఇక రంగు కొట్టే రోజు. పంక్చర్లు వేసే అతని దగ్గర, రంగు చిమ్మడానికి గాలి మిషను అడిగి తెచ్చాడు. కారు షెడ్డు చుట్టూ నా పాత చీరలు కట్టాడు. అద్దాలకీ దీపాలకీ పేపర్లు అంటించాడు. దుమ్ము లేవకూడదని నేలంతా తడిపాడు. ఆ పూట మా ఇంట్లో చీపురు పట్టకూడదు, ఫ్యాను వెయ్యకూడదు, దుప్పటి దులపకూడదు. మీ అమ్మకి ఒక తుమ్ము వస్తే, రెండోది రాకముందే వీధి చివరికి పంపేశాడు. పాపం అది అక్కడే నిలబడి తుమ్ముకుని, ఇక రావచ్చా అని అక్కడినుంచే చెయ్యి ఊపి అడిగింది.

పల్చగా నాలుగు పూతలు కొట్టమని కొట్టాయన చెప్పాడట. పల్చగా కొడితే కిందది కనబడుతోందని మీ నాన్న మందంగా కొట్టాడు. దానిమీద ఇంకా మందంగా కొట్టాడు. రంగు కన్నీళ్ళలా కారితే, ఆ కన్నీళ్ళు కనబడకుండా ఇంకోటి కొట్టాడు. ఒక దోమ వచ్చి డిక్కీ మీద వాలింది. దాన్ని నా కనుబొమల పట్టకారుతో తియ్యబోయాడు. దోమ వచ్చింది గానీ కాలు ఒకటి రాలేదు. పేపర్లు పీకి, కారుని షెడ్డు బయటికి తెచ్చి, ముగ్గురం నిలబడి చూశాం. దూరం నుంచి బాగుంది. ఎంత దూరమంటే, మీ అమ్మ తుమ్మిన చోటు నుంచి.

పదో రోజు సాయంత్రం మీ పెద్దమ్మ మీ తాతని దింపి వెళ్ళింది. ఆయన కళ్ళకి ఇంతలేసి నల్లద్దాలు. కారు ముందు ఆగారు. కడిగావా బాబూ, బాగుంది అని లోపలికి వెళ్ళిపోయారు. మీ నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న చుక్కలమందు వెయ్యడానికి అద్దాలు తీశాం. ఆయన కళ్ళు తెరిచారు. గోడ చూశారు. సున్నం ఎప్పుడు వేయించావే అన్నారు. వేయించలేదన్నాను. పాలగ్లాసు ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. ఆరేసిన చొక్కాని పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే అన్నారు. పదిహేనేళ్ళయిందండీ, మీకు కబురు ఇప్పుడందింది అన్నాను.

అప్పుడాయనకి అర్థమైంది. ఇన్నేళ్ళూ లోకం పచ్చగా లేదు, కంటిలో పొర పచ్చగా ఉంది. "చొక్కాల విషయంలో నీ తప్పేం లేదే" అన్నారు. మా కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఇంకా అన్నారు కదా, "అయితే కారు కూడా తెలుపే అయ్యుంటుంది. నువ్వే గెలిచావు. పద, ఇద్దరం వెళ్ళి చూద్దాం."

చూడమ్మా నా రాత. ఇన్నేళ్ళ వాదన ఆయన నోటితో ఆయనే ఓడిపోతానంటే, వద్దండీ, కాఫీ తాగి వెళ్దాం, స్నానం చేసి వెళ్దాం అని నేను చెయ్యి పట్టుకుని లాగుతున్నాను.

వెళ్ళారు. కారుని చూశారు. గోడని చూశారు, తెలుపు. కారుని చూశారు, వెన్న. చొక్కా చూసుకున్నారు, తెలుపు. మళ్ళీ కారు, వెన్న. కన్ను నలపబోయి, నలపకూడదని గుర్తొచ్చి చెయ్యి దించేశారు. మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు.

"అంతా తీశారే" అన్నారు చిన్న గొంతుతో. "కారున్నచోట మాత్రం పొర వదిలేశారు. రోజూ దాన్నే చూసేవాణ్ణి కదా, అక్కడ గట్టిగా అంటుకుపోయుంటుంది."

నవ్వకు. అప్పుడు మేమెవరం నవ్వలేదు. ముగ్గురం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. చెప్పులు తెమ్మన్నారు. ఆసుపత్రికి వెళ్ళి, కన్ను మళ్ళీ తెరిపించి, ఆ ముక్క కూడా తీయించుకుంటానన్నారు. నా ఒట్టు గట్టున పెట్టి నోరు తెరవబోయాను. ఈలోపల మీ నాన్న లోపలికి వెళ్ళాడు. పారిపోయాడనుకున్నాను. కాదు, తాళంచెవితో వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"మామయ్యగారూ, మీ కంట్లో ఏమీ మిగల్లేదండి. కారుకే వెన్నరంగు వేశాను. గేటుకి గుద్దాను."

మీ తాత లేచారు. కారు దగ్గరికి వెళ్ళి, ఆ కోపమంతా కుడిచేతిలోకి తెచ్చుకుని బానెట్ మీద ఒక్కటి కొట్టారు. టప్ మనాలా? పచక్ మంది. చెయ్యి అక్కడే అతుక్కుంది. లాగితే సాగుతూ వచ్చింది. అరచెయ్యంతా వెన్న, బానెట్ మీద అయిదు వేళ్ళ అచ్చు.

"లోపల ఇంకా ఆరలేదండి" అన్నాడు మీ నాన్న. "పూతలు కాస్త మందమయ్యాయి."

మీ తాత చేతిని చూసుకున్నారు. బానెట్ చూశారు. తర్వాత గోడని చూశారు.

"అయితే కన్ను బాగానే ఉందంటావు."

"బాగానే ఉందండి."

"కారే వెన్న."

"కారే వెన్నండి."

ఆయన భుజాలు దిగాయి. ఊపిరి బయటికొచ్చింది, నాకు వినబడింది. ఆ తర్వాత గుర్తొచ్చినట్టు కనుబొమలు ముడిచి, అసలు వెన్నరంగు ఎందుకు వేశావయ్యా అని అడిగారు. మీరే అంటారు కదండీ అన్నాడు మీ నాన్న. మీ తాత నా వైపు తిరిగి, మరి నువ్వేం చెప్పావే అన్నారు. నాకు రంగులు తెలియవు కదండీ అన్నాను.

అప్పుడు మీ నాన్న తల వంచుకుని తాళంచెవి ఆయన ముందుకి చాపాడు. మీ తాత తీసుకోబోయారు. చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. తన అరచెయ్యి వైపు ఒకసారి చూసుకున్నారు.

"నీ దగ్గరే ఉంచు. నా చేతికి రంగుంది" అన్నారు.

అని గరుకు కాగితం ఎక్కడుందని అడుగుతూ షెడ్డులోకి వెళ్ళిపోయారు.

అంతేనమ్మా. నీకు పిల్లలు పుట్టాక ఈ కథ చెప్పు. వెన్నగిన్నె మరిచిపోయినా పరవాలేదు, దోమ కాలు వదిలేసినా పరవాలేదు. ఈ ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పు: ఆ వేళ మీ తాత ఎడమచెయ్యి శుభ్రంగానే ఉంది. తల వంచుకున్న మీ నాన్న చూడలేదు గానీ, నేను చూశాను.