వెర్నా బలపరిచిన తీర్మానం

జునిపర్ లోయ బడిబోర్డులో ఎవరు ఏ ప్రతిపాదన చేసినా దాన్ని బలపరిచేది వెర్నా హోల్‌క్విస్టే. ఉన్నది ఐదుగురు సభ్యులు. ఒకరు ప్రతిపాదించాక మరొకరు బలపరచకపోతే ఆ మాట ఓటుదాకా రాదు, అక్కడికక్కడే చస్తుంది. అందుకని అవతలివాళ్ల నోరు మూతపడకముందే "బలపరుస్తున్నా" అని వెర్నా గొంతు ఖంగుమనేది. బస్సులకు టైర్లా? బలపరుస్తున్నా. వంటశాలకు కొత్త పొయ్యా? బలపరుస్తున్నా.

"దీనికి ఆవలింత వచ్చినా బలపరిచిందనుకుని మనం ఓటేసేస్తాం, చూసుకోండి" అని ఆర్లిస్ నవ్వేది. ఆర్లిస్, వెర్నా చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. అదీ లోయలో ఉన్న జునిపర్ ఫ్లాట్ బడిలోనే. పెళ్లయ్యాక ఆర్లిస్ కనుమ దాటి పట్నంలో స్థిరపడింది, కూతురు ఇదే బోర్డు కిందున్న అక్కడి బడిలో టీచరు. వెర్నా మాత్రం ఆవుల్ని, లోయని వదల్లేదు.

"ఇంటికెళ్లి ఆవులకు గడ్డి వేయాల్సినవాళ్లం. నీళ్లు నములుతూ కూర్చుంటే ఎలాగే?" అనేది వెర్నా. బోర్డులో తన పని అదేనని ఆమెకు కాస్త గర్వం కూడా.

మార్చిలో రోగం వచ్చిపడింది, బళ్లు మూసేశారు. ఆ వెంటనే రాష్ట్రం హడావిడిగా ఒక అత్యవసర చట్టం చేసింది. బోర్డులు ఇక జనం ముందు కూర్చోనక్కర్లేదు, ఎవరింట్లో వాళ్లుండి కంప్యూటర్‌లో కలుసుకోవచ్చు. కావాలనుకుంటే తమ అధికారాలను కొంతకాలం బళ్లను నడిపే సూపరింటెండెంట్ చేతిలో పెట్టనూవచ్చు.

మొదటి వీడియో సమావేశం ఒక తిరనాళ్లే అనుకోండి. బోర్డు అధ్యక్షుడు గార్త్ నుదురు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆర్లిస్ మైకు ఉన్నట్టుండి మూగబోయేది. పాపం, ఆమె మూగనోము పట్టినట్టు చేతులు ఊపుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల మధ్యే సూపరింటెండెంట్ ప్రీవిట్ నెమ్మదిగా చెప్పాడు.

"పిల్లల ఇళ్లకు అన్నం పంపాలి, కంప్యూటర్లు కొనాలి. ప్రతిదానికీ బోర్డును పిలవాలంటే పిల్లలు పస్తుంటారు. ఈ విపత్తు పోయేదాకా అధికారం నాకివ్వండి, చాలు."

అందులో అబద్ధం ఏమీ లేదు. ఎవరో ప్రతిపాదించారు. సరిగ్గా అప్పుడే వెర్నా పొయ్యి మీద దుప్పిమాంసం అడుగంటుతున్న వాసన వచ్చింది. "బలపరుస్తున్నా, బలపరుస్తున్నా!" అంటూ ఆమె గరిటె పట్టుకుని లేచిపోయింది. ఓటు కూడా ఆ గరిటె ఎత్తే వేసింది. కూర దక్కింది.

మళ్లీ ఆగస్టు సమావేశం. మనవరాలు టెస్సా పక్క గదిలో కొత్త బడిసంచీ వీపున వేసుకుని తిరుగుతోంది. వచ్చే నెల జునిపర్ ఫ్లాట్ బడిలో ఒకటో తరగతిలో చేరాలి. బడి ఇంటినుంచి కనిపించేంత దూరం. వెర్నా కాఫీ కప్పు పట్టుకుని కూర్చుంది.

"ఇది మీకు తెలియజేయడానికి మాత్రమే" అని మొదలెట్టాడు ప్రీవిట్. "రాష్ట్రం ఇచ్చే సొమ్ములో కోత పడింది. జునిపర్ ఫ్లాట్ బడిని శాశ్వతంగా మూసేస్తున్నాం. ఆ పిల్లలు బస్సులో కనుమ దాటి పట్నం బడికి వస్తారు. వాళ్లు వస్తే పట్నం బడి టీచర్లెవరినీ తీసేయనక్కర్లేదు."

వెర్నాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. చలికాలంలో ఆ కనుమ రోడ్డు అద్దంలా గడ్డకడుతుంది, పెద్దవాళ్లే గుండె చేత్తో పట్టుకుని దాటుతారు. ఆరేళ్ల పసిదాన్ని రోజూ చీకటితో లేపి దాని మీదుగా పంపాలా?

"మూసేస్తున్నామా? ఓటెప్పుడు వేశాం?"

"ఓటు అక్కర్లేదు వెర్నా గారూ. మార్చిలో ఆ అధికారం బోర్డు నాకిచ్చింది. అన్నట్టు, దాన్ని బలపరిచింది మీరే."

ఏం చెప్పమంటారు! చెంప మీద ఎవరో ఛెళ్లున కొట్టినట్టయింది. అన్నానికీ కంప్యూటర్లకూ అని కదా ఇచ్చింది! మునుపటిలా ఆ బడి వ్యాయామశాలలో సమావేశం జరిగి, జనం గోడల వెంబడి నిలబడి కళ్లెర్రజేసి చూస్తుంటే ఇతగాడు ఈ మాట అనగలిగేవాడా? ఇప్పుడు జనం లేరు. తెర మీద ఐదు మొహాలు, ఒక అంకె. ఎంతమంది వింటున్నారో చెప్పే అంకె అది.

"గార్త్, ఆగు" అంది. "మార్చి తీర్మానాన్ని రద్దు చేయాలని ప్రతిపాదిస్తున్నాను. ఇప్పుడే."

గార్త్ గొంతు సవరించుకున్నాడు. "ప్రతిపాదన వచ్చింది. బలపరిచేవాళ్లున్నారా?"

ఎవరూ మాట్లాడలేదు.

ఇన్నేళ్లలో ఈ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వెర్నాకి తెలియదు. ఎప్పుడూ తానే దాన్ని పుట్టనివ్వలేదు మరి. ఒకాయన కిటికీ వైపు చూస్తున్నాడు, ఇంకొకాయన గడ్డం గోక్కుంటున్నాడు. తెర మీద ఆర్లిస్ గడిలో మైకు బొమ్మ మీద ఎర్ర గీత ఉంది, అంటే మైకు ఆపి ఉన్నట్టు. ఆర్లిస్ తల వంచి బల్ల కింద ఏవో తీగలు వెతుకుతోంది.

"ఆర్లిస్! ఏమే, నీ మైకు మళ్లీ పోయింది! గార్త్, కాస్త ఆగవయ్యా, దాని మైకు పనిచేయడం లేదు. అది బలపరుస్తుంది. వెతుక్కుంటోంది చూడు!"

గార్త్ కొంచెంసేపు ఆగాడు. పాపం, ఆ మాత్రం మర్యాద ఉంది. ఆర్లిస్ తల పైకెత్తలేదు.

"బలపరిచేవారు లేరు కాబట్టి ప్రతిపాదన వీగిపోయింది."

"అన్యాయం గార్త్! మైకు పాడైతే దాని తప్పా?"

"నిబంధన అంతే వెర్నా గారూ."

పాడు మైకు, పాడు మైకు అని వెర్నా తనలో తాను తిట్టుకుంది. పోనీలే, రేపు పొద్దున్నే ఆర్లిస్‌కి ఫోన్ చేస్తుంది. ఇద్దరూ కలిసి మళ్లీ సమావేశం పెట్టమంటారు. ఇద్దరుంటే చాలు, ఒకరు ప్రతిపాదించడానికీ ఒకరు బలపరచడానికీ. ఆ ఆలోచనతో ఆమెకు కాస్త ఊపిరాడింది.

"ఇక సమావేశం ముగించుదామని ప్రతిపాదిస్తున్నాను" అన్నాడు గడ్డపాయన.

అలవాటు కొద్దీ అందరూ వెర్నా మాట కోసం ఆగారు. వెర్నా పెదవులు బిగించుకుంది. ఈ ఒక్కటీ తన నోటినుంచి రాదు. ఒట్టు.

"బలపరుస్తున్నా."

ఆ గొంతు ఖంగున మోగింది. పొరపాటు పడే వీలే లేదు, చిన్నప్పటినుంచీ ఎరిగిన గొంతు. ఆర్లిస్ గడిలో ఎర్ర గీత లేదు. ఆర్లిస్ పక్కకి చూస్తోంది.

"అందరికీ శుభరాత్రి" అన్నాడు గార్త్. గడులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మొదట ఆరింది ఆర్లిస్‌దే.