అత్తగారి సమాధిలో వేరు

సోమవారం ఉదయం మా వదిన అనాసేయిని కోసం చెట్టు బెరడు బాది చేసిన బట్ట మీద గీతలు గీస్తున్నాను. మోకాళ్ళ మీద వంగి, ఎండిన మొగలికాయ తొనని కుంచెలా నల్లరంగులో ముంచి మూరెడు గీత సాగదీస్తుండగా, నా కుడికంటికి పైనుంచి బూడిదరంగు తెర ఒకటి దిగింది. నొప్పి లేదు, మంట లేదు. ఎడమకన్ను మూసి చూశాను. ఎదురుగా బెరడు బాదుతున్న ఆరుగురు ఆడవాళ్ళూ లేరు. వాళ్ళ కర్రసుత్తుల చప్పుడు మాత్రం ఉంది. ఎవరో "లోసేలీ" అని నన్ను పిలిచి నవ్వారు. ఆ నవ్వు ఏ నోటిదీ కాకుండా బూడిదలోంచి వచ్చింది. అయిదు నిమిషాలకి తెర లేచిపోయింది. ఎవరి చోట్లో వాళ్ళున్నారు.

"ఆ గీత చూడు, తాగినవాడి నడకలా ఉంది," అంది వదిన. "నా కూతురి పెళ్ళికి పరవాల్సిన బట్ట అది. చేతకాకపోతే ముందే చెప్పు."

మా దీవిలో, ఈ కొలొవాయ్ ఊళ్ళో, మొగుడి అక్క మాటకి ఎదురు లేదు. ఇరవై రెండేళ్ళుగా నేను బాది, అతికి, గీసిన బట్టలన్నీ ఎవరి పెళ్ళికో ఎవరి చావుకో ఆవిడ పేరున వెళ్ళిపోయాయి. చేసిందెవరని ఒక్కరూ అడగలేదు. అడుగుతారని ఎదురుచూడటం నేనూ ఎప్పుడో మానేశాను.

బుధవారం కొబ్బరి కోరుతుంటే మళ్ళీ దిగింది. నా మొగుడు ఫిలిమోనేకి చెప్పాను. "నిద్ర చాలక. వేళకి పడుకోవచ్చు కదా," అన్నాడు. ఏ పని వదిలేసి పడుకోవాలో చెప్పలేదు. తినడం అయ్యాక మాత్రం అక్కకి కబురు పంపాడు.

గురువారానికి వదిన తీర్పు వచ్చింది. "అమ్మ సమాధిలోకి వేరు దిగింది. అమ్మ కంటిగూట్లోకి దూరి ఉంటుంది. తవ్వి తీయించండి."

చచ్చినవాళ్ళ ఎముకల్లోకి వేరు పాకితే బతికున్నవాళ్ళకి ఒంట్లో అదే చోట బాధ పుడుతుందని మా నాయనమ్మ కూడా చెప్పేది. నేను నమ్మలేదంటే అబద్ధమవుతుంది. శనివారం తవ్వాలనుకున్నారు. "ఎనిమిది మంది మగవాళ్ళొస్తారు, వంట చూసుకో," అన్నాడు ఫిలిమోనే. నా కన్ను బాగుపడటానికి కూడా నేనే వండాలి.

శుక్రవారం గొర్రె డొక్కమాంసం కొనడానికి పట్నానికి, నుకుఅలోఫా బస్సెక్కాను. దారిలో మూడోసారి దిగింది. ఈసారి ఎడమకన్ను మూయడానికి ధైర్యం చాలలేదు. మూస్తే బస్సులో ఎవరూ ఉండరు. డ్రైవరు కూడా.

మార్కెట్టు పక్క చర్చి హాల్లో షుగరున్నవాళ్ళకి కళ్ళు చూస్తున్నారు. నాకు షుగరు లేదు. అయినా వరసలో నిలబడ్డాను. ఓఫా అనే నర్సు కంట్లో చుక్కలు వేసి, కంటి వెనక భాగం ఫోటో తీసి చూపించింది. ఎర్రటి నేల మీద సన్నటి నాళాలు. ఒకదానిలో ఉప్పు రవ్వంత మెరుపు ఇరుక్కుని ఉంది.

"ఎన్నిసార్లు దిగింది అక్కా, ఆ తెర?"

"మూడుసార్లు. కన్ను పోతుందా?"

"జబ్బు కంటిది కాదు. మెడలో నాళం పూడుకుంటున్నట్టుంది. అక్కణ్ణుంచి ముక్క ఊడి కంట్లోకి వస్తోంది. తర్వాతి ముక్క మెదడులోకి పోతే పక్షవాతం. తెర తనంతట తనే లేచిపోయిందని ఊరుకుంటారు అందరూ. ఇంటికి వెళ్ళొద్దు. ఇప్పుడే ఆస్పత్రికి పద."

ఆ మాటతో నాకు అత్తగారు గుర్తొచ్చింది. పోయే ముందు వారం ఆవిడ కుంచె పక్కన పెట్టి, "ఎడమకంట్లో పొగ కమ్ముతోందే," అంది. పెళ్ళిళ్ళ సీజన్లో పని ఎగ్గొట్టడానికి ముసలిదాని వేషాలన్నారు ఇంట్లో. నేను విని కూడా మాట్లాడలేదు. అయిదో రోజున కుడిచెయ్యి, మాట ఒకేసారి పడిపోయి, తను గీస్తున్న తడి బట్ట మీదే ఒరిగిపోయింది.

ఫిలిమోనేకి ఫోను చేసి అంతా చెప్పాను.

"మాంసం కొన్నావా?" అన్నాడు.

"లేదు."

"రేపు తవ్వేవాళ్ళకి ఎవరు వండుతారే? సాయంత్రం బస్సుకి వచ్చెయ్. సోమవారం చూపించుకుందువుగానీ."

సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి, నా కాళ్ళు బస్సులవైపే తిరిగాయి. ఓఫా నా మోచెయ్యి పట్టుకుంది. విడిపించుకోవచ్చు, గట్టిగా ఏం పట్టుకోలేదు. నేను విడిపించుకోలేదు.

ఆదివారం ఫిలిమోనే ఆస్పత్రికి వచ్చాడు. గోళ్ళలో ఇంకా మట్టి.

"వేరు ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "బొటనవేలంత లావు. అమ్మ కుడి కంటిగూట్లోంచి లోపలికి పోయింది. కోసి తీసేశాం. మళ్ళీ దిగిందా తెర?"

"లేదు."

"చూశావా! ఇంక లే, పోదాం."

అతను అబద్ధం చెప్పడం లేదు. ఆ చూసినదేదో ఇంకా అతని మొహంలో ఉంది. తెర ఆగింది వేరు వల్లో, నాకిస్తున్న మాత్రల వల్లో తేల్చుకునే ఓపిక నాకు లేదు.

"అత్తయ్యకి కాస్త హాయిగా ఉండి ఉంటుంది. మంచిపని చేశారు," అన్నాను. "నా మెడలోది డాక్టర్లు చూస్తారు. వాళ్ళు పంపేదాకా నేను రాను."

"మరి ఇల్లు?"

"పొయ్యి ఎక్కడుందో నీకు తెలుసు."

తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు. వదిన అప్పటిదాకా వరండాలో నిలబడే ఉంది. తమ్ముడున్న గదిలోకి అక్క రాదు, అది మా పద్ధతి. అతని అడుగుల చప్పుడు మెట్లు దిగాక లోపలికి వచ్చింది. పెళ్ళి బట్ట గురించి తిడుతుందని కాచుకుని ఉన్నాను. ఆవిడ తలుపు దగ్గరగా వేసి, నా మంచం పక్కన నిలబడి చాలాసేపు దుప్పటి అంచు సరిచేసింది.

"లోసేలీ," అంది ఎప్పుడూ వినని గొంతుతో, "ఆ తెర... ఎప్పుడూ పైనుంచే దిగుతుందా? కిందినుంచి కూడా లేస్తుందా?"

"ఎన్నిసార్లు వదినా?" అంటూనే నేను నర్సుని కేకేశాను.